రెండు పక్కలూ ఒకేసారి

తిరుపతిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ నేను కాపీ మిషన్నే. రైల్వే స్టేషన్‌కూ గోవిందరాజస్వామి గుడికీ నడుమ ఒక క్యాసెట్ల అంగట్లో, గాజు బీరువా వెనక నా చోటు. నాకు నాలుగు అరలు. ఒకటి కాపీ తీయాల్సిన మాస్టర్‌కు, మూడు ఖాళీ క్యాసెట్లకు. మీట నొక్కితే టేపు మామూలు కన్నా ఎనిమిది రెట్లు వేగంగా తిరిగేది. గంట క్యాసెట్టు మూడు కాపీలు నాలుగు నిమిషాల్లోపే చేతికొచ్చేవి.

అందులో కిటుకు ఒకటుంది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. దాని మీద నాలుగు దారులు: ఒక పక్కకు ఎడమ, కుడి, రెండో పక్కకూ ఎడమ, కుడి. నాలుగింటినీ ఒక్క పరుగులో చదివి రాసేస్తాను. ఈ పక్క సుప్రభాతం మొదటి నుంచి నడుస్తుంటే, ఆ పక్క గోవిందనామాలు చివరి నుంచి మొదటికి వస్తుంటాయి. అదీ ఎనిమిది రెట్ల వేగంతో! తాళాల మోతలో పదివేల హెర్ట్జుల ధ్వని ఉంటే నాలోంచి ఎనభై వేల హెర్ట్జులుగా పోవాలి. అది కుక్క చెవికి కూడా అందదు. ఇన్ని వేల పాటలు నా మీదుగా పోయినా ఒక్కటీ పాటగా వినే యోగం నాకు లేకపోయింది.

మా పెద్దలది రీళ్ళ కాలం. 1955లో ఇంగ్లండులో ఈఎంఐ వాళ్ళు 'స్టీరియోసోనిక్' టేపులు అమ్మకానికి తెచ్చారు. అమెరికాలోనూ ఇంచుమించు ఆ కాలంలోనే ఆ వ్యాపారం మొదలైంది. తొలి స్టీరియో యంత్రాలు కొన్నింటిలో టేపును చదివే ఎడమ హెడ్డు, కుడి హెడ్డు ఒకదానికొకటి మూడు సెంటీమీటర్ల ఎడంలో ఉండేవి. వాటికోసం చేసిన టేపును, రెండు హెడ్లూ ఒకేచోట ఉన్న యంత్రంలో వేస్తే ఒక చెవి పాట రెండో చెవి కంటే వెనకబడేది. పైగా ప్రతి టేపునూ మొదలు నుంచి తుది దాకా నడిపి కాపీ తీయాలి. గ్రామఫోను రికార్డయితే ఒక్క అచ్చు దెబ్బతో తయారు. 1958లో స్టీరియో రికార్డులు వచ్చేసరికి టేపు ధర మరీ ఎక్కువనిపించింది. అదే టేపు మీద నాలుగు దారులు వేసి పొదుపు చేయడం అప్పుడు పట్టుబడింది.

1963లో ఫిలిప్స్ క్యాసెట్ వచ్చింది. దాంట్లో నాకు నచ్చే తెలివి ఒకటుంది. ఎడమ, కుడి దారులను పక్కపక్కనే పెట్టారు. ఒకే స్పీకరున్న పెట్టెలో హెడ్డు ఆ రెంటినీ కలిపి చదివేస్తుంది. అట్ట మీద 'స్టీరియో' అని ఉన్నా పల్లెలో ఒంటి స్పీకరు ముందు కూర్చున్న అవ్వకు మృదంగమూ వినపడుతుంది, వయొలినూ వినపడుతుంది.

రెండు స్పీకర్ల పెట్టెలు మావైపు ఎక్కువగా కువైట్ నుంచి వచ్చాయి. పీలేరు, రాయచోటి పక్కల నుంచి పోయినవాళ్ళు సెలవులకు వస్తూ రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్ తెచ్చేవాళ్ళు. తిరిగి పోయేటప్పుడు పెట్టెలో పచ్చడి సీసాలతో పాటు నా కాపీలు.

అన్నమయ్య పాటలకు గిరాకీ ఎక్కువ. తిరుమల కొండమీద సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. బాణీలు ఈ కాలంలో కట్టినవే. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. గాయకుడు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వందల కీర్తనలకు స్వరాలు కూర్చారు. పుస్తకం చూసి ఆ బాణీ పట్టుకోవడం ఎందరి వల్ల అవుతుంది? క్యాసెట్టు వేసుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ.

అన్నీ న్యాయంగా చేసిన కాపీలని చెప్పను. 1984లో కాపీరైటు చట్టం సవరించారు. అట్ట మీద తయారీదారు పేరూ చిరునామా ఉండాలన్నారు. మా ఓనరు సినిమా పాటలు మానేశాడు. కనీసం బీరువా ముందు వరసలో మానేశాడు.

నాకు ఇష్టమైన సరుకు వేరే. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఉత్సవాలు జరిగినప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం. మిట్ట మీద హారన్ స్పీకరు కింద టూ-ఇన్-వన్ పెట్టి హరికథంతా పట్టుకొచ్చేవాళ్ళు. పిల్లల ఏడుపులు, పల్లీలు అమ్మేవాడి కేక అన్నీ అందులోనే. మా ఓనరు అలాంటి క్యాసెట్టు వేసే ముందు స్పిరిట్‌లో ముంచిన దూదితో నా హెడ్లు తుడిచేవాడు. దూది గోధుమరంగుకు తిరిగేది. అది టేపు నుంచి రాలిన పొడి. తర్వాత చిన్న స్క్రూ తిప్పి హెడ్డు నిటారుగా నిలిపేవాడు. అది వెంట్రుకవాసి వాలినా తాళం మోత మొద్దుబారుతుంది. కాపీకి కాపీ తీస్తే బుస కూడా పెరుగుతుంది. అది నా వల్ల ఆగేది కాదు.

ఎంపీ3 డిస్కులు వచ్చాక వందకు పైగా పాటలు ఒకే పళ్ళెంలో ఇమిడిపోయాయి. అంగట్లో ఇప్పుడు ఫోన్ కవర్లు, చార్జర్లు.

మొన్న ఒక కుర్రాడు పాత క్యాసెట్టు పట్టుకుని వచ్చాడు.

"అన్నా, మా తాత చెప్పిన హరికథ ఇందులో ఉండాది. ఈ మిషన్లో వేసి ఫోన్లోకి ఎక్కిస్తావా?"

"దానివల్ల కాదు నాయనా. అది పాడదు, కాపీ కొడతాది, అంతే." ఓనరు పైఅర నుంచి పాత టూ-ఇన్-వన్ దించి దుమ్ము దులిపాడు. "దీంట్లో వేసి ఫోన్లో పట్టుకోవాల. గంట పడతాది."

"గంటా?"

"ఆఁ, గంటే. కూర్చో."