రెండు అరల తూటా

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న తూటా బరువు 180 గ్రెయిన్లు. అంటే పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ. దాని పేరు నోస్లర్ పార్టిషన్, ఊరు అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం. తన గురించి పరాయివాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పుకోవడమే దానికి ఇష్టం. దాని పుట్టుకకు కారణం ఒక మూస్ దుప్పి పడిన బాధ.

1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో మూస్ వేటకు వెళ్ళాడు. అప్పటికి ఆయనది లారీల వ్యాపారం. చేతిలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్, ఆ రోజుల్లో దాన్ని మించిన రైఫిళ్ళు అరుదు. ఎదురైన మూస్ బురదలో పొర్లి వచ్చింది, ఆ బురద ఒంటి మీద అట్టకట్టి ఉంది. గుళ్ళు తగులుతున్నాయి గానీ జంతువు పడటం లేదు. అంత వేగంతో వెళ్ళిన తూటాలు బురదకూ తోలుకూ తాకగానే పగిలి, పైపైనే చెదిరిపోయాయి. ఊపిరితిత్తుల దాకా వెళ్ళాల్సినవి భుజం కండలోనే ఆగిపోయాయి.

నోస్లర్ ఇంటికొచ్చి ఆ తప్పును రైఫిల్ మీదకు నెట్టలేదు. ఇంకా పెద్ద తుపాకీ కొనలేదు. రాగి మిశ్రమపు కడ్డీ తీసుకుని రెండు చివరల నుంచీ తొలిచి, నడుమ మాత్రం గోడ వదిలేశాడు. రెండు వైపులా సీసం నింపాడు. మరుసటి ఏడు, 1947లో, ఆయనా ఒక స్నేహితుడూ ఆ తూటాలతోనే మళ్ళీ వేటకు వెళ్ళి, చెరొక గుండుతో చెరొక మూస్‌ను పడగొట్టారు. 1948లో ఆష్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. పదేళ్ళకు అది బెండ్ పట్టణానికి మారింది.

ఈ తూటాను నిలువునా కోసి చూస్తే రాగి తొడుగు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా కనిపిస్తుంది. ముందు అరలోని సీసం కొన దగ్గర బయటికి కనిపిస్తూ ఉంటుంది. మామూలు .30-06 రైఫిల్ గొట్టంలోని మెలి గాడుల వల్ల అది సెకనుకు మూడు వేల చుట్లకు పైగా తిరుగుతూ, సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయటపడుతుంది. జంతువు ఒంట్లో దిగగానే ముందు అర పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పాటి దారి చేస్తుంది. అందులోని సీసం చాలా వరకు రాలిపోతుంది. నడుమ గోడ దగ్గర ఆ విచ్చుకోవడం ఆగిపోతుంది. వెనక అర చెక్కుచెదరకుండా ముందుకు పోతూనే ఉంటుంది. చాలాసార్లు అవతలి పక్క తోలు కింద దొరుకుతుంది. వేటగాడు దాన్ని కడిగి త్రాసులో వేస్తే మొదటి బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు మిగిలి ఉంటుంది.

ఎల్క్ విషయంలో ఈ మిగలడమే ముఖ్యం. ఎల్క్ మన కణుజుకు చుట్టమే. రాకీ పర్వతాల్లో ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది, భుజం దగ్గర ఎత్తు మీటరున్నర. సెప్టెంబరులో ఎదకు వచ్చినప్పుడు వీటిలో మగవి కూడా బురదగుంటల్లో పొర్లుతాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కణుజును కాపాడుతోంది, దాన్ని వేటాడటం నేరం. కొలరాడోలో మాత్రం ఎల్క్ వేటకు ఏటా లైసెన్సులు ఇస్తారు.

పక్కకు తిరిగి నిలబడిన ఎల్క్‌కు ముంగాలి వెనకగా, రెండు ఊపిరితిత్తుల మీదుగా తూటా వెళితే అది కొద్ది దూరంలోనే కూలిపోతుంది. తూటా భుజం ఎముక దగ్గరే చెదిరితే, లేక గురి తప్పి పొట్టలో పడితే, లోయలు దిగి గంటల తరబడి నరకం అనుభవించి ఎక్కడో చస్తుంది. వేటగాడికి దొరకదు, మాంసం ఎవరికీ దక్కదు. ఈ తూటా తన బతుకులో భయపడేది ఆ ఒక్కదానికే.

ఎల్క్‌కు ఎంత తూటా కావాలన్న తగాదా పాతదే. జాక్ ఓకానర్ అనే వేట రచయిత 1925లో వచ్చిన .270 వించెస్టర్‌ను జీవితాంతం మెచ్చుకున్నాడు. తేలికైన తూటా, మంచి వేగం, సరైన గురి ఉంటే చాలన్నాడు. ఐడహోకు చెందిన ఎల్మర్ కీత్ ససేమిరా ఒప్పుకోలేదు. లావుపాటి, బరువైన తూటాలే కావాలన్నాడు. ఇద్దరూ పత్రికల్లో ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఈ తూటా దృష్టిలో ఇద్దరి మాటలోనూ నిజముంది. బలహీనంగా కట్టిన తూటాలు వాడినన్నాళ్ళూ బరువు పెంచడమొక్కటే కీత్‌కు కనిపించిన దారి. లోపల గోడ వచ్చాక తక్కువ బరువుతోనూ లోతుకు వెళ్ళడం సాధ్యమైంది.

విచ్చుకునే తూటాల కథలో మన దేశానికీ చోటుంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో బ్రిటిష్ వాళ్ళు కొన తెరిచిన తూటాలు తయారుచేశారు. అవి చేసే గాయాలు చూసి 1899 హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటి వాటిని నిషేధించింది. వేట చట్టం అడిగేది సరిగ్గా దానికి ఎదురు. కొలరాడోలో ఎల్క్‌కు వాడే తూటా తప్పనిసరిగా విచ్చుకునేదై ఉండాలి, కనీసం 85 గ్రెయిన్లు తూగాలి, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. పూర్తిగా రాగి తొడిగిన సైనిక తూటా సన్నని రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. జంతువు ప్రాణం త్వరగా పోదు.

ఈ తూటాకు ఒక మచ్చ ఉంది, అది దాచదు. ముందు అరలోంచి రాలే సీసం మాంసంలో కలుస్తుంది, వేటగాడు అడవిలో వదిలేసే పేగుల కుప్పలోనూ మిగిలిపోతుంది. ఆ కుప్పలు తిన్న కాలిఫోర్నియా కొండార్ రాబందులు సీసం విషంతో చచ్చిపోయాయి. 1980ల మొదట్లో వాటి సంఖ్య రెండు డజన్లకు తగ్గడానికి సీసం కూడా ఒక కారణం. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా మానిపించింది. అక్కడ ఎల్క్ వేటకు బార్న్స్ కంపెనీవి లాంటి పూర్తి రాగి తూటాలు వాడుతున్నారు. 1985లో అలాస్కా వేటలో ఉండగా ఆ కంపెనీ నడిపిన రాండీ బ్రూక్స్‌కు తట్టిన ఆలోచన అది. రాగి చెదరదు, బరువు దాదాపు అంతా నిలుస్తుంది. మాంసం పిల్లలకు పెట్టే ఇంట్లో రాగి తూటాయే మేలని సీసం కడుపున మోసే ఈ తూటా కూడా ఒప్పుకుంటుంది.

ఇక ఎంపిక మాట. .30-06కు 165 నుంచి 180 గ్రెయిన్లు, .270కు 150, .300 మాగ్నమ్‌కు 180 నుంచి 200 గ్రెయిన్లు ఎల్క్‌కు సరిపోతాయి. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. సెకనుకు 550 మీటర్ల కంటే కిందికి దిగితే ఈ తూటా సరిగా విచ్చుకోదు. అంత దూరం నుంచి పేల్చడం తప్పు. మాగ్నమ్ తన్నుకు భుజం జంకి, కన్ను మూసుకుని ట్రిగ్గర్ నొక్కే మనిషికి .30-06 చాలా నయం.

డెన్వర్ చుట్టుపక్కల స్థిరపడి ఎల్క్ వేట మీద మనసు పడుతున్న తెలుగువాళ్ళకు ఈ తూటా మనవి ఇది: వేటకు ఏ తూటా తీసుకెళ్తారో దానితోనే ముందుగా రేంజిలో రైఫిల్ గురి సరిచేసుకోండి. పెట్టె మారితే గురి మారుతుంది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేస్తేనే సాధారణంగా లైసెన్సు ఇస్తారు.