సీసంలో ఇమడని చేతిరాత

నా పేరు జాప్ఫినో. ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషలు రాసుకునే రోమన్ లిపికి నేనొక ఫాంటుని. నిటారుగా నిలబడే అచ్చక్షరాల కోవ కాదు నాది. పాళీని సిరాలో ముంచి, చెయ్యి ఆడినంత మేరా సాగనిచ్చి రాసిన రాత నాది.

నన్ను రాసినవాడు హెర్మన్ జాఫ్. 1918లో జర్మనీలోని న్యూరెంబర్గులో పుట్టాడు. తండ్రి కార్మిక సంఘం మనిషి కావడంతో నాజీల ఏలుబడిలో కొడుక్కి ఇంజనీరింగ్ చదువు దక్కలేదు. ఫొటోలు దిద్దే పని నేర్చుకున్నాడు. 1935లో తన ఊళ్లోనే అక్షరశిల్పి రుడాల్ఫ్ కోహ్ రచనల ప్రదర్శన చూశాక, పుస్తకాలు ముందు పెట్టుకుని గురువు లేకుండానే అక్షరకళ సాధన చేశాడు. పాలటినో, ఆప్టిమా అనే ఫాంట్లూ ఆ చేతి సృష్టే.

1944లో, యుద్ధకాలంలో, స్కెచ్ పుస్తకంలోని ఒక పేజీలో నన్ను రాసిపెట్టాడు. ఆ పేజీ దాటి బయటికి రావడానికి నాకు అర్ధ శతాబ్దం పైనే పట్టింది. అడ్డుపడింది సీసం. సీసపు అచ్చులో ప్రతి అక్షరమూ తన దిమ్మె మీదే ఒదిగి కూర్చోవాలి. నా 'ఎఫ్' తోక కింది వరుసలోకి దిగుతుంది. నా 'డి' తల పక్క అక్షరం మీదికి వాలుతుంది. దిమ్మె దాటిన సన్నని కొసకు ఆధారం ఉండదు, విరిగిపోతుంది. 1948లో స్టెంపెల్ అనే అచ్చక్షరాల కంపెనీ కోసం ఆయన ఒక చేతిరాత అచ్చు ప్రయత్నించాడు గానీ, ఇంత విశాలమైన వంపులకు సీసంలో చోటు దొరకలేదు.

కంప్యూటర్ తెర మీద దిమ్మెలు లేవు. 1998లో లైనోటైప్ సంస్థ నన్ను విడుదల చేసింది. అప్పటికి ఆయనకు దాదాపు ఎనభై ఏళ్లు. నాలుగు వర్ణమాలలతో వచ్చాను. చేత్తో రాసే మనిషి ఒకే అక్షరాన్ని రెండుసార్లు అచ్చం ఒకేలా రాయడు కదా, అందుకే అన్ని రూపాలు. 'క' మీద గుడి పడితే తలకట్టు తప్పుకోవడం తెలుగువారికి పుట్టుకతో తెలిసిన సంగతే. పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చుకునే ఆ సౌలభ్యం నాకు కంప్యూటర్ వల్ల దక్కింది. మ్యాక్‌లో నన్ను ఎంచుకుని నా పేరే టైపు చేసి చూడండి. చివరి అక్షరం పడగానే అన్నీ కలిసి ఒకే సంతకంలా మారతాయి. 2003లో అక్షర రూపకర్త అకీరా కొబయాషి, జాఫ్ కలిసి నన్ను ఇంకా విస్తరించారు. 2015లో జాఫ్ కన్నుమూశాడు.

శుభలేఖ మీద వధూవరుల పేర్లకు, ప్రశంసాపత్రానికి, పుస్తకం అట్టకు నన్ను పిలవండి, సంతోషంగా వస్తాను. పేజీలకు పేజీలు వ్యాసం నాతో కూర్చవద్దు, చదివేవారి కళ్లు అలసిపోతాయి. అక్షరాలను మరీ చిన్నవి చేయకండి, సన్నగీతలు కనబడకుండా పోతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ ధారాళంగా వదలండి. అన్నిటికన్నా ముఖ్యం, పేరు మొత్తాన్నీ క్యాపిటల్ అక్షరాల్లో కొట్టకండి. నా పెద్దక్షరం మాటకు ముందు ఒక్కటి చాలు.