సాధన లేకుండా బ్యాండు పెట్టే పద్ధతి

ఖమ్మం ఖానాపురం హవేలిలో డాబా ఉన్న దోస్తు ఒకడు, బండి ఉన్నవాడు ఒకడు, ఈఎంఐలో గిటారు కొన్నవాడు ఒకడు దొరికితే చాలు, నాలుగోవాడు మీరు. బ్యాండు తయారైనట్టే. సంగీతం వచ్చినవాడి కోసం మాత్రం వెతకొద్దు. వాడు వచ్చీ రాగానే సాధన చేద్దామంటాడు. సాధన మొదలైతే ఎవరికి ఏం రాదో మొదటి గంటలోనే తేలిపోతుంది. కింది చిట్కాలు పాటించండి. ఏడాది తిరిగేసరికి పేరుంటుంది, టీషర్టుంటుంది, పోస్టరుంటుంది. ఒక్క పాట నేర్చుకునే శ్రమ కూడా ఉండదు.

1. ముందు పేరు పెట్టండి. వాయిద్యాల సంగతి తర్వాత. వాట్సాప్ గ్రూపు తెరవగానే ఒకడు 'స్తంభాద్రి' అంటాడు, ఒకడు 'మున్నేరు' అంటాడు, మూడోవాడు ఇంగ్లీషు పేరే కావాలంటాడు. ఎవరినీ రాజీ పడనివ్వొద్దు. పేరు ఖాయమైతే మర్నాటి నుంచి పని చెయ్యాల్సి వస్తుంది. పొరపాటున ఖాయమైందా, లోగో గొడవ మొదలుపెట్టండి. అదీ తేలితే టీషర్టు రంగు ఉంది.

2. నలుగురూ గిటారే పట్టండి. నాలుగు గిటార్లు ఒకేసారి మోగితే తప్పు ఎవరిదో బ్రహ్మ కూడా చెప్పలేడు. 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్‌జ్‌కి పెట్టుకుని అందరూ ఒకే శృతికి తెచ్చుకున్నారంటే దొరికిపోతారు. అందుకని ఒకడు ఫోనులో యాప్ చూసి, ఒకడు చెవితో, ఒకడు కీబోర్డు చూసి బిగించుకోవాలి. నాలుగోవాడు షాపులో ఎలా ఇచ్చారో అలాగే ఉంచుకోవాలి. ఎవరైనా అడిగితే కొత్త తీగలు సాగుతున్నాయని చెప్పండి. కొత్త తీగలు నిజంగానే కొన్నాళ్లు సాగుతాయి, కాబట్టి ఈ సాకుకి తిరుగులేదు.

ఎఫ్ కార్డు దగ్గర జాగ్రత్త. చూపుడు వేలిని అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ ఒకేసారి అదిమి పట్టాలి. కొత్తవాళ్లకి వేలు నొప్పి పుడుతుంది, సగం తీగలు మోగవు, మిగతా సగం గరగరమంటాయి. రోజూ కాసేపు పట్టి చూస్తే కొన్ని వారాల్లో వస్తుంది. ఆ కొన్ని వారాలు మీకెందుకు? ఎఫ్ ఉన్న పాట ఎదురైతే "ఇది మన స్టైల్ కాదు మామా" అనండి. ఆ మాటతో సినిమా పాటల్లో చాలా భాగం తప్పించుకోవచ్చు.

3. కీబోర్డు దొరికితే మంచిదే. స్టైల్ బటన్ నొక్కితే డ్రమ్స్, బేస్ అదే వాయిస్తుంది. ఒక చెయ్యి దాని మీద పెట్టి తల ఊపండి.

4. డప్పు తెలిసిన పెద్దాయన్ని దగ్గరికి రానివ్వొద్దు. అన్ని చిట్కాల్లోకీ ఇది ముఖ్యం. మన దగ్గర లయ తెలిసినవాళ్లకి కొదవ లేదు, పక్క వీధిలోనే ఒక బాబాయ్ ఉంటాడు. ఆయన గడ్డి మంట మీద డప్పు కాచి, తోలు బిగిసిందో లేదో వేలితో తట్టి చూసుకుంటాడు. ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టి దరువు అందుకున్నాడంటే గంటసేపైనా నడక తప్పదు. ఆయన పక్కన మీరు వాయిస్తే, మీ గిటారు ఎక్కడ పరిగెత్తిందో ఎక్కడ వెనకబడిందో వీధి వీధంతా వింటుంది. "రాండ్రి బిడ్డా, దరువు చూపిస్తా" అని ఆయన పిలిస్తే "రేపొస్తాం బాబాయ్" అనండి. రేపు కూడా అదే అనండి.

దరువు లాగే పాట నోటికి రావడం కూడా మీకు అనవసరం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ కంచుమేళం కళాకారుడాయన. సమ్మక్క సారలమ్మల కథా, కోయ వీరుల కథలూ పుస్తకం ముట్టకుండా పాడేవారు. అది జీవితకాలం పట్టే దారి. మీకు ఒక్క చరణం నోటికి రాకపోయినా దిగులు పడకండి. స్టాండుకి ఫోను తగిలించి చూసి పాడండి. స్క్రీన్ ఆరిపోతే మైకు జనం వైపు తిప్పండి, మిగతాది వాళ్లే పాడుకుంటారు.

5. సాకులు సీజన్ ప్రకారం సిద్ధం చేసుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు నిండి ఉంటాయి. మీ గాయకుడు ఆ వైపు తొంగి చూడకపోయినా సరే, "యార్డు ముందు నుంచి వచ్చిన మామా, ఘాటుకి గొంతు పట్టేసింది" అని మెసేజ్ పెట్టాలి. ఊళ్లో ఆ ఘాటు ఎరగనివాడు లేడు, కాబట్టి ఎవడూ ఎదురడగడు.

వానాకాలానికి గోదావరి ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మనం సుమారు 120 కిలోమీటర్ల అవతల ఉన్నామన్న విషయం ఎవరికీ గుర్తు చెయ్యకండి. మొదటి హెచ్చరికకి రిహార్సల్ వాయిదా వెయ్యండి. రెండోదానికి ప్రోగ్రాం వాయిదా. మూడోదానికి అడ్వాన్సు తిరిగివ్వడం వాయిదా.

భద్రాచలంలోనే ప్రోగ్రాం ఒప్పుకున్నారనుకోండి, రైల్లో వస్తున్నామని చెప్పండి. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి ఊరు ఇంకా 40 కిలోమీటర్లు. "స్టేషన్లో దిగినం అన్నా" అని ఫోన్ చేస్తే అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ మాటతో గంట పైనే కలిసొస్తుంది.

6. సొంత పాట జోలికి పోవద్దు. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండు జానపదానికి రెగే కలిపి సొంతంగా పాటలు కట్టి పేరు తెచ్చుకుంది. పేరు వచ్చింది గానీ, కూర్చుని కట్టాల్సి వచ్చింది కదా! మన పక్కనే నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అదే మన భక్త రామదాసు, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లున్నాడని, అక్కడా కీర్తనలు పాడుకున్నాడని చెబుతారు. మీకు డాబా ఉంది, ఫ్యాన్ ఉంది, పెద్దమ్మ వేసిచ్చే మిర్చి బజ్జీ ఉంది. ఇన్ని ఉండగా పాట కట్టాల్సిన అవసరం ఏముంది? ఒక హిట్టు సినిమా పాట ఎత్తుకుని యూట్యూబ్‌లో పెట్టండి. కాపీరైట్ క్లెయిమ్ పడితే "పెద్ద కంపెనీలు మమ్మల్ని తొక్కేస్తున్నాయి" అని స్టేటస్ పెట్టండి. పాట ఎవరూ వినకపోయినా జాలి మిగులుతుంది.

రికార్డింగ్‌కి గ్రానైట్ కోసే చోటు పక్కన గది చూసుకోండి. ఖమ్మం చుట్టూ అలాంటి చోట్లకి లోటు లేదు. ఆ రంపం మోత వెనకాల పడితే శృతి మాట ఎవరూ ఎత్తరు.

7. పెళ్లి ప్రోగ్రాంలో రాత్రి పది గంటల రూలు వాడుకోండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగించకూడదు. మీకు అంతకన్నా కావాల్సింది లేదు. ఏడింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకి వెళ్లండి. ముందు భోజనం కానివ్వండి, రద్దీ పెరిగితే పెరుగు దొరకదు. తర్వాత సౌండ్ చెక్. గిటారు జాక్ సగం దాకా గుచ్చి వదిలెయ్యండి, బుయ్యిమని మోత వస్తుంది. ఇప్పుడు ఆ మోత ఎక్కడిదో వెతకండి. కేబుల్ మార్పించండి. ప్లగ్ పాయింట్ మార్పించండి. మైక్‌సెట్ అతన్ని పక్కకి పిలిచి "అన్నా, మీకు ఎర్తింగ్ లేదు" అని పెళ్లిపెద్దకి వినపడేలా అనండి. తొమ్మిదీ యాభైకి జాక్ పూర్తిగా లోపలికి నెట్టి పల్లవి ఎత్తుకోండి. పల్లవి అయ్యేలోగా పది కొడుతుంది. "పాడాలనే ఉంది బాబాయ్, స్టేషన్ దగ్గర్లోనే ఉంది" అని మైకు పెట్టెయ్యండి. ఖానాపురం హవేలికి సొంత పోలీస్ స్టేషనే ఉంది కాబట్టి ఆ మాటకి బలం ఎక్కువ.

8. డబ్బు ముందే మొత్తం తీసుకోండి. లెక్క రాయొద్దు. రాసిన లెక్కకి సమాధానం చెప్పాలి.

9. బ్యాండు విడిపోయే రోజు మీ చేతిలో ఉంచుకోండి. ఎప్పుడో ఒకప్పుడు నలుగురిలో ఒకడు "ఒక్క పాటైనా మొత్తం నేర్చుకుందాం రా" అంటాడు. వాడి వేళ్లు చూడండి, కొసలు గట్టిపడి ఉంటాయి. దొంగచాటుగా ఎఫ్ కార్డు పడుతున్నాడన్నమాట. బాబాయ్ దగ్గరికి కూడా పోతుండొచ్చు. ఇక ఆలస్యం చెయ్యకండి. వాడికన్నా ముందే గ్రూపులోంచి బయటికి వచ్చి, అభిప్రాయ భేదాలని ఒక్క ముక్క రాయండి. చిన్నప్పటి దోస్తు మాట్లాడ్డం మానేస్తాడు, మానెయ్యనివ్వండి. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డు, మిగిలిన టీషర్టులు మీ దగ్గరే ఉండాలి. భక్త రామదాసు కళాక్షేత్రం ఫొటో మీద 'త్వరలో' అని వేసి పోస్టరు వదలండి. మీ పేరు కింద ఫౌండర్ అని రాసుకోండి. ఫౌండర్‌ని ఏం వాయిస్తావని ఖమ్మంలో ఎవరూ అడగరు.