వీధరుగు మీది నాపరాయిని

నాగాయలంకలో ఓ ఇంటి వీధరుగు మీద పరిచిన కడప బండను నేను. మా వైపు నాపరాయి అంటారు. ఈ దివిసీమలో ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టి, దాని కింద ఇసుక, ఆ తర్వాత ఉప్పునీళ్లు. రాయి కనబడిందంటే అది పైనుంచి వచ్చిందే. 1977 నవంబరు 19 ఉప్పెన మట్టిగోడల్నీ తాటాకు కప్పుల్నీ ఊడ్చుకుపోయాక, ఈసారి కట్టే ఇల్లు కదలకూడదని ఈ ఇంటాయన పంతం పట్టాడు. పునాది ఎత్తుగా పోయించి, నన్ను తెప్పించాడు. ఎర్రగుంట్ల గనిలో గడ్డపారలతో పొర విడదీసి లారీకెత్తితే, పులిగడ్డ అక్విడెక్టు దాటుకుని ఇక్కడ దిగాను.

నా ఒంటి మీద అరచేయంత తెల్లమచ్చ ఒకటుంది. ఓ పెళ్లిరోజున చింతపండు పులుసు ఒలికింది. సున్నపురాయిని కదా, పులుపు తగిలితే నా నలుపు తినేస్తుంది. ఇంటావిడ కొబ్బరిపీచుతో ఎంత తోమినా పోలేదు. అందుకే నలుగురొస్తే ఆ మచ్చ మీద పీట వేసుకుని తనే కూర్చుంటుంది. మొన్న ప్రయాణం మాటలు నడిచినప్పుడూ అక్కడే కూర్చుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన మనవడు ఫోన్ తాతగారి ముందు పెట్టాడు. స్పెయిన్‌లో మాలగా దగ్గర ఎల్ చోరో లోయ. నిట్టనిలువు కొండకు అతికించినట్టు సన్నటి బాట, కింద వంద మీటర్ల లోతున ఏరు. జలవిద్యుత్ కేంద్రం పనివాళ్లు రెండు జలపాతాల మధ్య తిరగడానికి వేసుకున్న దారి, 1905లో పూర్తయింది. 1921లో రాజు పదమూడో అల్ఫోన్సో అటు రావడంతో ‘రాజుగారి బాట’ అని పేరు పడింది. పట్టించుకునేవాళ్లు లేక సిమెంటు పెచ్చులూడి, ఇనుప కమ్ములు మిగిలాయి. 1999, 2000ల్లో మనుషులు పడి చచ్చిపోయాకే మూశారు. బాగుచేసి 2015లో తెరిచారు. ఇప్పుడు తలకు హెల్మెట్ పెట్టుకోవాలి, ఒకవైపు నుంచే నడవాలి, ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, టికెట్టు చాలా ముందే తీసుకోవాలి.

"వచ్చే ఏడు వెళ్దాం తాతయ్యా, వీసా సంగతి నేను చూసుకుంటా."

"కింద ఏముందిరా?" అంది ఇంటావిడ.

"ఏరు, అమ్మమ్మా."

"ఏరు చూడ్డానికి అంత దూరం దేనికి? కరకట్ట ఎక్కితే కనబడదూ?"

నవ్వుకోవడానికి నాకు నోరు లేదు గానీ, ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఏటిమొగ రేవులో ఎదురుమొండికి పంటు ఎక్కేటప్పుడే మొగుడి చెయ్యి వదలని మనిషి. ఈ సీమ వాళ్లకు నీళ్లంటే ఎదురుగా వచ్చేవి, మీద పడేవి. పైనుంచి కిందికి చూసే ఏరు వీళ్ల లెక్కలో లేదు.

పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "అలాంటిది మనకీ ఉందిగా, గండికోట. ముందు అది చూద్దాం."

ఆ పేరు వినగానే నా మనసు ఎటో పోయింది. ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు ఎంతో దూరం కాదు, అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. అలాగని ఆ లోయ రాళ్లు నా చుట్టాలని చెప్పుకోను. నేను బురద, సున్నం పేరుకుని గట్టిపడిన నల్లరాయిని. అవి ఇసుక బిగిసి ఉక్కులా తయారైన ఎర్రరాళ్లు, క్వార్ట్‌జైట్. పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోతే, మూడువందల అడుగుల గోడలు రెండువైపులా నిలబడిపోయాయి. అంత గట్టిరాయిని కోసిన నది మీద నాకు కొంచెం గౌరవం, కొంచెం భయం.

కొండను తొలిచిన బాట సంగతికొస్తే, స్పెయిన్ వాళ్లకంటే గండికోటే ముందు. టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి 1652లో అక్కడికి వెళ్లాడు. కొండను చెక్కి వేసిన దారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే ఉందనీ, కుడిచేతి పక్క అగాధం, దాని అడుగున పెద్ద నది అనీ రాసుకున్నాడు. మనవడు ఇది చదివి వినిపిస్తుంటే పెద్దాయన మీసం మీద చెయ్యి వేశాడు, ఆ దారి తనే తవ్వించినట్టు.

ఇక లెక్కలు మొదలయ్యాయి. మచిలీపట్నంలో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుడివాడ, గుంటూరు మీదుగా నంద్యాల. అది రోజూ ఉండదు. నంద్యాల నుంచి జమ్మలమడుగుకు రైలు దారి పడింది, బస్సులూ ఉన్నాయి. కోట దగ్గర టూరిజం వాళ్ల హరిత హోటల్లో గదులు దొరుకుతాయి. ఎండాకాలం వద్దు, బండలు పెనంలా కాలతాయి. సంక్రాంతి వెళ్లాక మంచిది. తెల్లారకముందే లోయ దగ్గరకు చేరాలి, ఆ తర్వాత తీరిగ్గా రంగనాథుడి గుడి, మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం.

"మెట్లున్నాయా?" ఇంటావిడ అడిగింది, మోకాలు నిమురుకుంటూ.

"లోయ అంచుకి మెట్లేం లేవు అమ్మమ్మా, బండల మీంచి పోవాలి."

"పట్టుకోడానికి కమ్మీ?"

మనవడు నసిగాడు. చాలాచోట్ల లేదు.

ఇక్కడ రాయిగా నాకు తెలిసింది చెబుతాను. బండ నమ్మకంగా కనిపిస్తుంది. వానపడితే, ఇసుక పేరుకుంటే, తోలుచెప్పు దాని మీద నిలవదు. నా మీదే ఈ ఇంట్లో ఎంతమంది జారిపడ్డారో నాకు తెలుసు, అదీ మూడడుగుల ఎత్తు అరుగు. అక్కడ మూడువందల అడుగులు. ఫోటో కోసం వెనక్కి నడిచేవాణ్ని ఏ రాయీ ఆపలేదు. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. అందులో మొదటి రూపాయి అంచు వెంబడి కమ్మీకి పెట్టమని నా మనవి. స్పెయిన్ వాళ్లు ప్రాణాలు పోయాక పెట్టారు.

చివరికి తేలిందేమిటంటే, ఇంటావిడ లోయ అంచుకు పది గజాల ఇవతలే కూర్చుంటుంది, పెద్దాయన ఆవిడ పక్కన నిలబడతాడు, మనవడు రబ్బరు అడుగు బూట్లు కొనిపెడతాడు. నేను పుట్టిన ఎర్రగుంట్ల మాత్రం వాళ్ల జాబితాలో లేదు. మీరు వెళ్లేటట్టయితే తిరుగు ప్రయాణం అటుగా పెట్టుకోండి. టికెట్టు లేదు, చూడాల్సిన చోట్లని ఎవరూ రాయరు. మీ ఇంటి వంటగట్టు, మీ వీధరుగు వచ్చింది బహుశా అక్కడి గనుల గోతుల్లోంచే.