కంట్లో నలుసు పడ్డది

అలియాబాద్ చౌరస్తాలో మగవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. దుమ్ము. రాజీవ్ రహదారి మీద ఒక్క టిప్పర్ పోయిందంటే చాలు, ఎంతటి మగాడైనా దర్జాగా జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. అడిగినా జవాబు సిద్ధం: "నలుసు వడ్డదే." ఊరు ఈమధ్యే పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది గానీ, దుమ్ము మాత్రం పంచాయతీ కాలం నాటిదే. దాని జోలికి పోవద్దని కొత్త మున్సిపాలిటీకి నా విన్నపం. రోడ్డు మరీ శుభ్రమైపోతే ఇక్కడి మగవాళ్ల దుఃఖానికి దిక్కెవరు?

తలెత్తి చూస్తే ఫ్లెక్సీలు. నల్ల కళ్లద్దాలు, చేతికి కడెం, మీసం మీద చెయ్యి, వెనకాల గర్జిస్తున్న పులి. పేరుకు ముందు 'టైగర్', పేరు తర్వాత 'అన్న'. ఆ కళ్లద్దాలు ఎండ కోసమనుకుంటే పొరపాటు. ఫొటో తీసింది స్టూడియోలో. ఫ్లెక్సీ మొత్తం మీద నోరు తెరిచి తన గోడు చెప్పుకుంటున్నది ఆ పులి ఒక్కటే.

"నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు" అని మనకో సామెత ఉంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇద్దరి నోళ్లూ మూయించిన శాసనం ఇంకొకటి లేదు. ఆమె నవ్వకుండా, ఆయన ఏడవకుండా, ఇద్దరూ పక్కపక్కన కూచుని టీవీ చూస్తుంటే దానికి మనం పరువైన సంసారమని పేరు పెట్టుకున్నాం.

శాసనమన్నాక మినహాయింపులుండాలి. మొదటిది దుమ్ము. రెండోది పర్మిట్ రూం. సర్కారు పర్మిట్ ఇచ్చింది తాగడానికని అందరూ అనుకుంటారు. అక్కడ నిజంగా జరిగేది ఏడుపు. పగలంతా "ఎవడొస్తడో రమ్మను" అని ఉరిమిన గొంతే, రాత్రి రెండో క్వార్టర్ సగానికి వచ్చేసరికి పక్కవాడి భుజం మీద వాలి "అన్నా, మా బాపు నన్ను ఒక్కసారన్న మంచిగ చేసినవ్ రా అనలేదే" అంటుంది. పక్కవాడూ అందుకుంటాడు. ఆయన బాపూ అనలేదు మరి. తెల్లారి చౌరస్తాలో ఎదురుపడితే "రాత్రి జర ఎక్కువైంది కాకా" అని ఒక్క మాటతో కేసు కొట్టేస్తారు. నేరం సీసాది, మనిషి నిర్దోషి.

మూడో మినహాయింపు కోపం. మగవాడికి ఇంటా బయటా చెల్లే నాణెం ఇదొక్కటే. భయమేసినా కోపమే, అవమానమైనా కోపమే, కూతురు హాస్టల్‌కు పోయి ఇల్లు బోసిపోయినా కోపమే. కూరలో ఉప్పెక్కువైందని పళ్లెం విసిరేవాడికి ఉప్పు మీద పగేమీ లేదు. ఆ మధ్యాహ్నం ఎవరో నలుగురి ముందు అప్పు వాయిదా గురించి అడిగి ఉంటారు. దెబ్బ తగిలింది అక్కడ, పళ్లెం ఎగిరింది ఇక్కడ. ఒలికిన కూర ఎత్తే చీపురు మాత్రం ఎప్పుడూ ఆమె చేతిదే.

ఇదంతా సినిమాల వల్లేనని తప్పించుకుందామా? 2021లో 'పుష్ప' వచ్చాక మన వీధుల్లో భుజాలన్నీ ఒక పక్కకు ఒరిగాయి. గడ్డం కింద చెయ్యి పోనివ్వని కుర్రాడు లేడు. ఆ వేషానికే అల్లు అర్జున్‌కు 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి అది మొదటిసారి. ఇంత చూసినవాళ్లం ఒక్కటి చూడలేదు. ఆ కథంతా తండ్రి ఇంటిపేరు దక్కని కొడుకు కథ. నలుగురిలో తలదించుకున్న తల్లిని చూసి లోపల పడ్డ పుండు కథ. తగ్గనని మొండికేస్తున్నది ఆ పుండే. మనం పుండును థియేటర్లో వదిలేసి భుజాన్ని ఇంటికి తెచ్చుకున్నాం.

సరే, సామెతను మైదానంలో పరీక్షిద్దాం. మహమ్మద్ సిరాజ్ మన హైదరాబాదీ. బ్యాటర్ కళ్లలోకి గుచ్చి చూసే ఫాస్ట్ బౌలర్. ఆటో నడిపి అతణ్ణి పెంచిన తండ్రి 2020 నవంబరులో పోయాడు. కొడుకు జట్టుతో ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. 2021 జనవరి 7న సిడ్నీ టెస్టుకు ముందు జాతీయగీతం వినిపిస్తుండగా అతని బుగ్గల మీదుగా నీళ్లు కారాయి. దేశమంతా టీవీలో చూసింది. నలుసని చెప్పుకోవడానికి అక్కడ దుమ్మూ లేదు, అంతా పచ్చగడ్డి. సామెత ప్రకారం కెప్టెన్ రహానే అప్పుడే చేతిలోంచి బంతి లాక్కోవాలి. ఆయనకు తెలుగు సామెతలు రావు కాబట్టి బతికిపోయాం.

అదే మ్యాచ్‌లో ప్రేక్షకుల్లో కొందరు జాతి పేరెత్తి తిట్టారు. మన ఫ్లెక్సీ పులులైతే తొడ కొట్టేవి. సిరాజ్ కెప్టెన్‌కు చెప్పాడు, మాట అంపైర్ల దాకా వెళ్లింది, ఆట ఆగింది, కొందరిని బయటికి పంపారు. నొప్పిని నొప్పి అన్నందుకు అతని మీసమేమీ రాలిపోలేదు. పది రోజులు తిరిగేసరికి బ్రిస్బేన్ గబ్బాలో, పెద్ద బౌలర్లు గాయాలతో మూలపడితే, మూడో టెస్టు ఆడుతున్న ఆ ఏడ్చిన మగాడే ముందు నిలబడి ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 1988 నుంచి టెస్టుల్లో ఓటమి ఎరగని మైదానంలో ఆస్ట్రేలియా ఓడింది. హైదరాబాద్‌లో దిగి అతను నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. నమ్మరాదట!

"ఇవన్నీ కొత్త వేషాలు, మన తాతలు ఏడ్చి ఎరగరు" అనేవారు దయచేసి చౌరస్తా నుంచి ఉత్తరంగా చూడండి. సంక్రాంతి దాటాక పట్నం వారానికి ఈ రోడ్డు మీదనే బండ్లు బారులు కట్టి కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోతాయి. అక్కడ ఒగ్గు కథ వినండి. మీసాలున్న కళాకారుడు పైబట్టను కొంగు చేసి తలమీద కప్పుకుని, కథలో తల్లయి వలవలా ఏడుస్తాడు. ఎదురుగా గొంగడి భుజాన వేసుకున్న పెద్దలు కళ్లొత్తుకుంటారు. ఎవరూ నలుసు పేరెత్తరు. అంతెందుకు, సీత కోసం అడవిలో చెట్టునూ పుట్టనూ అడిగి ఏడ్చిన రాముణ్ణి నమ్మరాదని ఎవరైనా అన్నారా? తాతలు పగలు సామెత చెప్పారు, నిజమే. చెప్పి, రాత్రికి కథకు పోయి తనివితీరా ఏడ్చి వచ్చారు. మనం సామెతను ఉంచుకుని కథకు పోవడం మానేశాం.

మింగిన ఏడుపు అరుగుతుందని ఎవరన్నారో గానీ, లెక్కలు వేరే చెప్తున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో ప్రాణం తీసుకున్నవాళ్లు 1,70,924 మంది. ప్రతి నూరు మందిలో దాదాపు 72 మంది మగవాళ్లు. అందరిదీ ఒకే కారణమని నేననను. అప్పులుంటాయి, రోగాలుంటాయి, తాగుడుంటుంది. కానీ ఆ అప్పు సంగతి ఒక్కరికి చెప్పడానికి మీసం అడ్డొచ్చినవాళ్లెందరో ఏ బ్యూరో రాయదు. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు పడదు. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి కేసా?" అని వెక్కిరిస్తారని మనవాళ్ల భయం. భయమెందుకు? ఫోన్‌కు అవతలున్నవాళ్లకు మీ మీసం కనబడదు.

ఇంత నీతి చెప్పిన నేను ధీరుణ్ణేమీ కాదు. మొన్నొక సాయంత్రం తెలిసిన పెద్దాయన ఒకాయన కొత్త వెంచర్ గేటు దగ్గర కనిపించాడు. ఒకప్పుడు అక్కడ ఆయన ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడు తెల్ల చొక్కా, పెద్ద కారు, ఇంకొకరి భూమి అమ్మిపెట్టే వ్యాపారం. చౌరస్తాలో ఆయన గొంతు లేస్తే టీకొట్టు సద్దుమణుగుతుంది. వాచ్‌మన్ "ఎవరు గావాలె సార్?" అంటే "ప్లాటు జూడనీకొచ్చిన" అన్నాడు, తన తోటలోకి తానే గిరాకీగా. లోపలికి నాలుగడుగులు వేసి ఒకచోట ఆగాడు. కళ్లు తడిశాయి. నన్ను చూసి, అలవాటుగా, "నలుసు వడ్డది" అన్నాడు.

మధ్యాహ్నమే వాన పడి వెలిసింది. టిప్పర్ లేదు, దుమ్ము లేదు. "నాకూ పడ్డది కాకా" అని అబద్ధం కలుపుదామా అనుకున్నాను, ఆయన్ని తప్పించడానికి కాదు, నేను తప్పించుకోవడానికి. ఏమీ అనకుండా పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి కాలితో నేల మీద తట్టి చూపించి, "బాయి ఈడనే ఉండె" అన్నాడు.

గజం ధర గురించి ఆయన చెప్పిన మాట నేనేనాడూ నమ్మలేదు. ఈ మాట నమ్మాను.