ఎవరి తాలూకా అని అడగని పోలీసు

నర్సీపట్నం చుట్టుపక్కల బండ్ల వేగాన్ని అదుపు చేసే ఉద్యోగం చాలాకాలంగా గుంతలదే. భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు, అదే జనం నోట్లో బీఎన్ రోడ్డు, ఈ శాఖలో సీనియర్. గుంత సెలవు పెట్టదు, మామూళ్లు ముట్టదు, వానాకాలం వస్తే ప్రమోషన్ కూడా కొట్టేస్తుంది. గుంత లేనిచోట స్పీడ్ బ్రేకర్ డ్యూటీ ఎక్కుతుంది. అది పుట్టడానికి మన దగ్గర ఒక పద్ధతి ఉంది: ముందు ఎవరో ఒకరు పోవాలి, తర్వాత రాస్తారోకో జరగాలి, తెల్లారేసరికి రోడ్డుకు అడ్డంగా ఒక దిబ్బ లేవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాన్ని సాఫీగా దాటాలి. మన దిబ్బకు ఆ కొలతలతో పనిలేదు. పోయినవాడి చుట్టాల కోపం ఎంతో దాని ఎత్తు అంత. అయినా ఈ ఇద్దరు ఉద్యోగుల మీద అసలు ఫిర్యాదు అది కాదు. తప్పు చేసినవాడెవడో, చెయ్యనివాడెవడో వీళ్లకు పట్టదు. చింతపల్లి కొండల మీంచి నిండు చూలాలిని తెస్తున్న 108కీ, ఇంజిన్ అరిపిస్తూ దూసుకొచ్చే కుర్రాడి బైకుకీ ఒకటే శిక్ష. పైగా కుర్రాడు ఒడుపుగా పక్కనుంచి తప్పించుకుపోతాడు, అంబులెన్సు పోలేదు.

తప్పొప్పులు చూసి వదిలేదీ పట్టేదీ తేల్చుకోగలవాడు కానిస్టేబులే. కానీ ఆయనకు బండి వేగంతో పాటు ఇంకా చాలా కనిపిస్తాయి. అద్దం మీద పార్టీ జెండా, లోపల కూర్చున్నాయన ఖద్దరు చొక్కా, చెవి దగ్గరికి అప్పటికే చేరిన ఫోను కనిపిస్తాయి. ఎవరి మనిషో పోల్చుకునే కష్టం ఆయనకు పెట్టడం ఇష్టంలేకే కాబోలు, 2024 ఎన్నికల కాలంలో జనం బండ్ల మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని స్టిక్కర్లు అంటించుకున్నారు. అలాంటివి చూశాక చలానా పుస్తకం తెరవడానికి ధైర్యంతో పాటు బదిలీకి సర్దుకున్న పెట్టె కూడా ఉండాలి. స్పీడ్ కెమెరాకు ఈ బాధ లేదు. దానికి తెలిసినవి రెండే రెండు: వేగం, నంబరు. అందుకే మన ఊళ్లకు అది ముఖ్యం. గుంత అందరినీ కొడుతుంది, మనిషి కొందరినే పడతాడు, కెమెరా మాత్రం తప్పు చేసినవాణ్ని తప్పుకు తగినంతే అడుగుతుంది.

వేగాన్ని అంతగా పట్టించుకోవాలా అనే పెద్దలున్నారు. కేంద్రం లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 71.2 శాతం మరణాలు అతివేగం ఖాతాలోవే. వేగం రెట్టింపైతే దెబ్బ బలం నాలుగింతలవుతుందని తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రమే చెబుతుంది. మార్కులకు చదివాం కాబట్టి పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాం. ఇక కెమెరాల పనితనం సంగతి. 35 అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2010లో ఒకచోట పేర్చి చూసింది. కెమెరాలు పెట్టినచోట ప్రాణాలు తీసే, తీవ్రంగా గాయపరిచే ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గాయని తేలింది. అధ్యయనాల నాణ్యత అంత గొప్పగా లేదని వాళ్లే ఒప్పుకున్నారు, కానీ ఫలితాలన్నీ ఒకే వైపు మొగ్గాయి. ఇవి ఎక్కువగా ధనిక దేశాల ముచ్చట్లే, నిజమే. అయితే తలకు తగిలే దెబ్బ ఆ తల ఏ దేశానిదో చూడదు కదా. ‘ముందు రోడ్లు బాగుచెయ్యండి, కెమెరాల సంగతి తర్వాత’ అనేది ఇక్కడ గట్టిగా వినిపించే మాట. రోడ్డు బాగుచెయ్యాల్సిందే. కానీ నున్నటి తారు పడ్డ రోజే గుంత రిటైరవుతుంది. లంబసింగి మంచు చూడ్డానికి చలికాలం తెల్లవారుజామునే బయల్దేరే కార్లు నర్సీపట్నం అబీద్ సెంటర్ దాటాక ఎవరి మాట వినాలి? ఆ ఖాళీ భర్తీ చెయ్యకుండా రోడ్డు వెయ్యడమంటే ప్రమాదానికి తివాచీ పరచడమే.

‘ఇదంతా ఖజానా నింపుకోవడానికే’ అన్న అనుమానం మాత్రం ఊరికే పుట్టలేదు. తెలంగాణ ప్రభుత్వం పేరుకుపోయిన చలానాలపై 2022లో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ప్రకటించింది. ఆషాఢంలో చీరల కొట్టువాళ్లు కూడా ఇంత తెగించరు. నోటీసు అందగానే బుద్ధిగా పూర్తి సొమ్ము కట్టినవాడికి దక్కిందేమిటంటే, తొందరపడ్డానన్న జ్ఞానం. జరిమానాను బకాయిలా చూస్తే ఇలాగే అవుతుంది: వసూలు పెరిగితే సర్కారుకు సంతోషం, పేరుకుపోతే అమ్మకం. సరిగ్గా పనిచేసే కెమెరా ఆదాయం ఏటేటా పడిపోవాలి, చివరికి దాని కరెంటు బిల్లుకూ చాలకూడదు. కాబట్టి ఎక్కడ ఎందరికి నోటీసులు వెళ్లాయి, అక్కడ ప్రమాదాలు ఎన్ని తగ్గాయి అనే రెండు అంకెలూ పక్కపక్కనే నెలనెలా బోర్డు మీద రాయాలి. దొంగచాటుగా ఫొటో తీస్తారన్న భయానికి చట్టంలోనే మందుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఏ ప్రకారం కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. ఇక రోజుకూలి మీద బతికే ఆటోవాడికి ఇంత జరిమానా అన్యాయం కాదా అంటే, మొదటిసారి హెచ్చరికతో వదిలితే సరి. బీదవాడి పేరు చెప్పి కారువాణ్ని కాపాడే ముందు, రోడ్డు వార నడిచిపోయే అంతకన్నా బీదవాణ్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

‘కెమెరా దగ్గర నెమ్మదించి, దాటాక తొక్కుతారు’ అనేది అన్నిటికన్నా తెలివైన అభ్యంతరం. దీనికి జవాబు తిరుమల కొండ మీద ఉంది. ఘాట్ రోడ్డు మొదట్లో టైము వేసిన రసీదు ఇస్తారు. ఎక్కడానికి 28 నిమిషాల కన్నా, దిగడానికి 40 నిమిషాల కన్నా తక్కువ పడితే జరిమానా. మధ్యలో ఎక్కడ తొక్కినా చివరి గేటు దగ్గర లెక్క తేలిపోతుంది. త్వరగా వచ్చేసినవాళ్లు గేటుకు ముందు బండి ఆపి గోవిందనామాలు చదువుకున్నా, ఆ తొందర వల్ల వాళ్లకు మిగిలింది సున్నా. అదే లెక్కను యంత్రంతో చెయ్యాలంటే ఊరి మొదట ఒక కెమెరా, చివర ఒక కెమెరా చాలు.

ఇక మిగిలింది ‘మనదేమైనా మహానగరమా’ అనే వినయం. 167ఏ పట్టికలోని 132 నగరాల్లో నర్సీపట్నం లేని మాట నిజం. కానీ మోటారు వాహనాల చట్టంలోకి 2019లో వచ్చిన 136ఏ సెక్షన్ రాష్ట్ర రహదారుల మీద కూడా ఎలక్ట్రానిక్ నిఘా పెట్టమంటోంది. పట్టికలో పేరు లేని ఊళ్లో తగిలే దెబ్బ తక్కువేమీ కాదు, పెద్దాసుపత్రి మాత్రం దూరం. కనుక కెమెరాలు పెట్టండి, పెట్టాక ఒక్క పరీక్ష చెయ్యండి. మొదటి నెల నోటీసుల్లో ఒక్క సర్కారు బండీ, ఒక్క నాయకుడి కారూ లేకపోతే జనమంతా మారిపోయారని మురిసిపోకండి. కెమెరాకు ఎవరో తాలూకా నేర్పేశారని అర్థం. వెంటనే మెకానిక్‌ని పిలవండి.