మ్యాచ్ ఇడిసినాక బండి యాడుంది?

అమరావతిలో లక్షా పాతిక వేల మంది పట్టే క్రికెట్ స్టేడియం కట్టాలన్నది ఆంధ్రా క్రికెట్ సంఘం ఆలోచన. 2025లో ఆ కబురు పేపర్లో వచ్చిన పొద్దున ప్రొద్దుటూరులో మా టీ అంగడి దగ్గర ఒకటే సంబరం. 2011 జనాభా లెక్కలు తీస్తే, పులివెందులనూ జమ్మలమడుగునూ మనిషి మిగలకుండా తీసుకుపోయి కూర్చోబెట్టినా ఇంకా సీట్లు ఖాళీ ఉంటాయి. అంత పెద్దది. ఎవరి టికెట్టు ఎవరు కొనాలో అందరూ తేల్చుకుంటుంటే, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "అదంతా సరే అబ్బీ, మ్యాచ్ ఇడిసినాక బండి యాడుంది?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. పలకాల్సినవాళ్లు మా టీ అంగడికి రారు.

మ్యాచ్‌కు వచ్చేటప్పుడు జనం తలా ఒక వేళకు వస్తారు. ఒకడు మూడింటికే వచ్చి చెంపల మీద జెండా వేయించుకుంటాడు. ఇంకొకడు నాలుగు ఓవర్లు అయిపోయాక ఉరుకుతూ వస్తాడు. పోయేటప్పుడు మాత్రం రాత్రి పదకొండున్నరకు అందరూ ఒక్కసారే లేస్తారు. బస్సుకు యాభై మంది చొప్పున చూస్తే 2,500 బస్సులు కావాలి. రాష్ట్రం మొత్తమ్మీద ఆర్టీసీ దగ్గరున్నవి 11 వేల పైచిలుకు. అంటే మ్యాచ్ రోజున ప్రతి నాలుగైదు బస్సుల్లో ఒకటి అమరావతిలో కాచుకుని ఉండాలి. ఆ రోజు తక్కిన జనం ప్రయాణాలు మానుకుని ఇంట్లో కూర్చోవాలి. పర్వాలేదు, మ్యాచ్ టీవీలో వస్తుంది.

ముందు గ్రౌండు, తర్వాత దారి. ఇది మన ఆనవాయితీ. ఉప్పల్‌లో తొలి వన్డే 2005 నవంబరులో జరిగింది. స్టేడియం పేరుతో మెట్రో స్టేషన్ వచ్చింది 2017 నవంబరులో. ఈ పన్నెండేళ్లలో డెక్కన్ చార్జర్స్ పోయి సన్‌రైజర్స్ వచ్చింది, సచిన్ రిటైరయ్యాడు, రాష్ట్రమే రెండయింది. 2009లో ఆ ఉప్పల్‌లోనే సచిన్ 175 కొట్టినా ఆస్ట్రేలియా మీద మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రాత్రి జనానికి ఓటమి ఒక బాధ, బస్సు ఇంకో బాధ. ఇప్పుడు మ్యాచ్ ఉన్న రోజు అక్కడ మెట్రో మామూలు వేళ దాటాక కూడా నడుస్తోంది, అది మెచ్చుకోవాలి. 2002 జాతీయ క్రీడలకు సిద్ధం చేసిన గచ్చిబౌలి స్టేడియానికి ఆ యోగం కూడా లేదు, మెట్రో 2019లో రాయదుర్గం దాకా వచ్చి అక్కడే ఆగింది. అంతెందుకు, ప్రధాని సొంత రాష్ట్రంలో లక్షా ముప్పై రెండు వేల సీట్ల అహ్మదాబాద్ స్టేడియం 2020 ఫిబ్రవరిలో తెరిస్తే మొతేరాకు మెట్రో వచ్చింది 2022 అక్టోబరులో.

మరి అమరావతికి? ఎర్రుపాలెం నుంచి నంబూరు దాకా 57 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఊ అంది. మా అనుభవంతో దీనికో లెక్క కట్టాను. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 123 కిలోమీటర్లు. మంజూరైంది 1996–97లో, పూర్తయింది 2016లో. ఏడాదికి ఆరు కిలోమీటర్లు పడింది. అదే జోరు చూపిస్తే అమరావతికి రైలు 2034కు వస్తుంది. విజయవాడ మెట్రో సంగతి 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులోనే ఉంది. కడప ఉక్కు ఫ్యాక్టరీ సంగతీ అందులోనే ఉంది. కాబట్టి మెట్రో గురించి మేం ఎక్కువ మాట్లాడం.

ఉక్కు అంటే గుర్తొచ్చింది, ఆ స్టేడియమేదో మాకే ఇస్తే సరి. జమ్మలమడుగు పక్కన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో అంబవరం దగ్గర రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2018లో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు చేశారు. 2019లో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ చేశారు. 2023లో ఆయనే ఇంకోసారి చేశారు. మొత్తం నాలుగు రాళ్లు. క్రికెట్‌కు రెండు పక్కలా కలిపి ఆరు స్టంపులు కావాలి. ఇంకో రెండు ఎన్నికలు ఓపిక పడితే పిచ్ తయారు.

దారి సంగతి కూడా చూసుకున్నాం. జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ స్టేషన్లున్నాయి, రైళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పులివెందులకు 2022లో చూడముచ్చటైన బస్ టెర్మినల్ కట్టారు. ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిన ఆ ఊరికి రైలు మాత్రం రాలేదు. 2008–09లో మంజూరైన కడప–బెంగళూరు లైను పెండ్లిమర్రి దాకా పోయి ఊపిరి తీసుకుంటోంది. దాన్ని ముద్దనూరు, పులివెందుల, ముదిగుబ్బ మీదుగా తిప్పాలని రాష్ట్రం అడిగింది. రైలు ఇంకా మ్యాపులోనే తిరుగుతోంది.

ఇక మిగిలింది ఆటో. రాత్రి ఎర్రగుంట్లలో రైలు దిగి ప్రొద్దుటూరు ఆటో ఎక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వెనక సీట్లో అయిదుగురు, ముందు డ్రైవరుకు చెరో పక్క ఒకరు, డ్రైవరు సగం బయట. "ఇంగొక్కరు రానీ సార్, పోదాం" అంటాడు. ఆ ఒక్కరూ వచ్చి ఒళ్లో బ్యాగుతో కూర్చున్నాక కూడా అదే మాట అంటాడు. లక్షమందిని తరలించే నేర్పు ఈ దేశంలో ఎవరికైనా ఉంటే ఈయనకే ఉంది. ప్లానింగ్ కమిటీలో ఒక్క ఆటో డ్రైవరునైనా వేసుకోండి.

స్త్రీశక్తి పథకంతో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మా ఆడపడుచులు బస్సు మారుతూ, బస్టాండు బస్టాండులో పులిహోర తింటూ అమరావతి చేరొచ్చు. టెస్టు మ్యాచ్ అయితే ఆఖరు రోజుకైనా అందుకుంటారు.

ఎగతాళి చాలు. చెన్నైలో ఐపీఎల్ టికెట్టు చూపిస్తే మెట్రోలో విడిగా డబ్బులు అడగకుండా ఎక్కించుకున్న సీజన్లున్నాయి. చేయాలనుకుంటే అంత తేలిక. అమరావతి స్టేడియానికి పునాది తీసే పెద్దలకు మా పెద్దాయన తరఫున ఒకటే మనవి. సీట్ల నమూనా గీసే రోజునే బస్సులు నిలిచే చోటు కూడా గీయండి. టికెట్టు మీద సీటు నంబరు పక్కన ఆఖరి బండి ఎప్పుడో, ఏ గేటు దగ్గరో అచ్చు వేయండి. అది వేయలేకపోతే టికెట్లు అమ్మకండి. పులివెందులవాళ్ల టికెట్టు మీద రైలు టైము వేయనక్కర్లేదు, సిరా మిగులుతుంది.